ఉభయ కవి మిత్రుడు... మన నెల్లూరు తిక్కన

నెల్లూరు కలెక్టరేట్‌లో తిక్కన ప్రాంగణం అని ఒక హాలు ఉంది. సోమవారం అర్జీల రోజున అక్కడికి వెళ్తే కాగితాలు పట్టుకుని నిలబడ్డ జనం కనిపిస్తారు. పొలం గట్టు తగాదా ఒకరిది, ఆగిపోయిన పింఛను ఇంకొకరిది, అన్నదమ్ముల పంపకం మరొకరిది. ఊరికి పేరు తెచ్చిన కవి కాబట్టి ఆ పేరు పెట్టి ఉంటారు. కానీ తగవులు వినే చోటికి ఆ పేరు చక్కగా కుదిరింది. తిక్కన కవి మాత్రమే కాదు, ఒక రాజ్యానికి మంత్రి. మనుషుల మధ్య మాట చెడినప్పుడు ఎలా కలపాలో తెలిసినవాడు. కొన్నిసార్లు ఎందుకు కలపలేమో కూడా చూసినవాడు.

మనలో చాలామందికి తిక్కన అంటే ఇంటర్ తెలుగులో ఒక పాఠం, పోటీ పరీక్షల్లో ఒక బిట్. కవిత్రయంలో రెండోవాడు, పదిహేను పర్వాలు రాశాడు, కవిబ్రహ్మ అనే బిరుదుంది. అక్కడితో ఆపేస్తాం. ఇంటర్వ్యూకి వెళ్తే మాత్రం హెచ్‌ఆర్ వాళ్లు వేరే ప్రశ్న అడుగుతారు. మీ టీమ్‌లో ఇద్దరికి పడట్లేదు, పని ఆగిపోయింది, మీరేం చేస్తారు అని. క్యాంపస్ డ్రైవ్‌లకు వెళ్లొచ్చినవాళ్లకు ఈ ప్రశ్న కొత్త కాదు. ఇద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడతా అని అందరూ చెప్పే జవాబు చెప్పేస్తాం. కూర్చోబెట్టి ఏం మాట్లాడతారు అని అవతలివాళ్లు మళ్లీ అడిగితే మాత్రం నోరు పెగలదు. ఆ రెండో ప్రశ్నకు పనికొచ్చే సరుకు ఈ 13వ శతాబ్దపు మంత్రి జీవితంలో, ఆయన రాసిన కథలో బోలెడంత ఉంది.

గుంటూరు నుంచి విక్రమసింహపురికి

తిక్కనది కొట్టరువు వారి ఇల్లు. నియోగులు. తాత మంత్రి భాస్కరుడు గుంటూరు పాలకుడు, కవి కూడా. తండ్రి కొమ్మన, తల్లి అన్నమ. లెక్కలు రాసేవాళ్లు, సైన్యం నడిపేవాళ్లు, రాజుకి సలహా చెప్పేవాళ్లు ఉన్న కుటుంబం అది. అంటే చిన్నప్పటి నుంచీ ఇంట్లో వినిపించేవి కొలువు కబుర్లే. ఎవరికి ఎవరితో పడదు, ఎవరి మాట ఎక్కడ చెల్లుతుంది, ఏ విషయం ఎవరి ముందు ఎత్తకూడదు... ఇవి ఏ గురువూ కూర్చోబెట్టి చెప్పే పాఠాలు కావు.

అప్పటి నెల్లూరు పేరు విక్రమసింహపురి. పెన్నా ఒడ్డున తెలుగు చోడుల రాజధాని. రాజు మనుమసిద్ధి. తూర్పున సముద్రం, రేవులు, ఉప్పు, చేపలు, దూరదేశాల వర్తకం. ఇప్పుడు మనం కృష్ణపట్నం అంటున్న రేవు ఆ శతాబ్దం చివరి నాటి శాసనంలో కొల్లితురై అనీ, గండగోపాలపట్టణం అనీ కనిపిస్తుంది. పడమట అడవులు, పచ్చిక బీళ్లు, పశువుల మందలు. ఉత్తరాన ఓరుగల్లు కాకతీయులు, దక్షిణాన పాండ్యులు. రెండు పెద్ద రాజ్యాల నడుమ ఇరుక్కున్న చిన్న రాజ్యం ఇది. ఇలాంటి చోట మంత్రికి కత్తి కన్నా నాలుకతోనే ఎక్కువ పని ఉంటుంది.

రాజుకి, మంత్రికి మధ్య ఉన్న చనువు తిక్కన మొదటి కావ్యం నిర్వచనోత్తర రామాయణంలో తెలుస్తుంది. మనుమసిద్ధి ఆయన్ని మామా అని పిలిచేవాడు. ఆ వరస పట్టుకునే కావ్యం అడిగాడు. మామవి కాబట్టి నీ కవితాకన్యను నాకివ్వాలి కదా అని చమత్కరించాడు. తిక్కన ఇచ్చాడు. బాస్ అడిగితే ఇచ్చినట్టుగా లేదు ఆ ఘట్టం. అల్లుడి వరస రాజుని ఆదరంతో మన్నించినట్టుంది. పై అధికారితో దగ్గరితనం ఉండి కూడా మర్యాద గీత దాటకపోవడం అందరికీ చేతకాదు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఇది ఇంకా కష్టం.

ఓరుగల్లులో ముందు ఏం మాట్లాడాడు?

మనుమసిద్ధికి బయటి శత్రువుల కన్నా ముందు ఇంటి శత్రువులే ఎసరు పెట్టారు. అక్కన, బయ్యన అనే దాయాదులు ఆయన్ని గద్దె దించి నెల్లూరు పట్టుకున్నారు. రాజ్యం పోయిన రాజు దగ్గర మంత్రికి జీతం ఉండదు, భరోసా ఉండదు. అవతలి పక్షంలో చేరిపోవడం తేలికే. తిక్కన చేరలేదు. ఓరుగల్లు వెళ్లాడు. కాకతి గణపతిదేవుడి సాయం అడగడానికి.

ఈ ప్రయాణం కథ తర్వాతి కాలంలో వచ్చిన సిద్ధేశ్వర చరిత్రలో ఉంది. కథ ప్రకారం తిక్కన వెళ్లీ వెళ్లగానే మా రాజుకి అన్యాయం జరిగిందని మొదలుపెట్టలేదు. గణపతిదేవుడు ఆదరించి కూర్చోబెడితే భారత కథ వినిపించాడు. కొలువులోని పండితులతో వాదించి గెలిచాడు. రాజు మనసు చూరగొన్నాక, నీకేం కావాలని ఆయనే అడిగాక, అప్పుడు నెల్లూరు సంగతి చెప్పాడు. గణపతిదేవుడు సైన్యం నడిపి అక్కన, బయ్యనలను తరిమి మనుమసిద్ధిని మళ్లీ గద్దె మీద కూర్చోబెట్టాడు.

కథలో కొంత అతిశయం ఉండొచ్చు. తర్వాత వచ్చిన కీర్తిని ముందే తెచ్చి అతికించారేమో అనిపిస్తుంది నాకు. అయినా వరస గమనించండి. ముందు నమ్మకం, తర్వాత విన్నపం. మన ఆఫీసుల్లో తలకిందులుగా జరుగుతుంది. మేనేజర్ ముఖం కూడా సరిగ్గా తెలియకముందే పక్కసీటు వాడి మీద ఫిర్యాదు మెయిల్ వెళ్లిపోతుంది. ఆ మెయిల్‌లో ఉన్నదంతా నిజమే అయినా, చదివేవాడికి ముందు కనిపించేది రాసినవాడి తొందర.

ఇంకో సంగతి. ఇది మధ్యవర్తిత్వం కాదు. ఒక పక్షం కోసం మూడోవాడి బలం తెచ్చుకోవడం. తిక్కన ఆ రోజు మనుమసిద్ధి మనిషి, దాయాదులకూ రాజుకీ మధ్య నిలబడ్డ పెద్దమనిషి కాడు. ఈ రెండు పాత్రలకీ తేడా తెలుసుకోకుండా తగవులో దూరేవాళ్లే ఎక్కువ.

హరి, హరుడు, ఇద్దరూ

ఆ రోజుల్లో శైవులకీ వైష్ణవులకీ మధ్య వైరం మాటలతో ఆగేది కాదు. ఒకరి గుడి మెట్టు ఇంకొకరు ఎక్కని పరిస్థితి. తిక్కన కొలిచిన దేవుడు హరిహరనాథుడు. సగం శివుడు, సగం విష్ణువు. విరాటపర్వం మొదట్లో ఆయన ఒక కల చెబుతాడు. చనిపోయిన తండ్రి కొమ్మన కలలో కనిపించాడు. హరిహరనాథుడి దయ చెప్పాడు. ఆపైన ఆ దేవుడే ప్రత్యక్షమై భారతాన్ని తనకు అంకితమివ్వమన్నాడు. మొదటి కావ్యం రాజుకి ఇచ్చిన మనిషి, రెండోది ఏ రాజుకీ ఇవ్వకుండా ఇద్దరు దేవుళ్లు కలిసిన ఒక్క రూపానికి ఇచ్చాడు.

ఇందులో తెలివి ఎక్కడుందంటే, మీ ఇద్దరూ తప్పు, ఇదిగో మూడోదారి అని ఆయన అనలేదు. శైవుడు చూస్తే శివుడు కనిపిస్తాడు, వైష్ణవుడు చూస్తే విష్ణువు కనిపిస్తాడు. ఎవరూ దేన్నీ వదులుకోనక్కర్లేదు. ఆయన బిరుదుల్లో ఒకటి ఉభయ కవి మిత్రుడు. సంస్కృతమే గొప్పదనేవాళ్లకీ, తెలుగు నుడికారం కావాలనేవాళ్లకీ ఆయన స్నేహితుడే. యజ్ఞం చేసి సోమయాజి అనిపించుకున్న వైదికుడు, పద్యంలో మాత్రం ఊరి మాట అచ్చంగా వినిపిస్తాడు.

భారతంలో నన్నయ ఆదిపర్వం, సభాపర్వం పూర్తి చేసి అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయాడు. తిక్కన ఆ మిగిలిన ముక్క ముట్టుకోకుండా నాలుగోదైన విరాటపర్వంతో మొదలుపెట్టి స్వర్గారోహణపర్వం దాకా పదిహేను పర్వాలు రాశాడు. పెన్నా ఒడ్డున రంగనాథస్వామి గుడి దగ్గర కూర్చుని రాశాడని నెల్లూరులో చెప్పుకుంటారు. అరణ్యపర్వం మిగులు తర్వాతి శతాబ్దంలో ఎర్రన పూరించాడు.

యుద్ధభూమిలో టీమ్ గొడవ

విరాటపర్వం నాలుగో ఆశ్వాసం. ఉద్యోగం చేయబోయే ఎవరైనా ఒకసారి చదవాల్సిన ఘట్టం అక్కడుంది. ఇద్దరు సహోద్యోగుల గొడవ ఎలా పుడుతుందో, ఎలా పాకుతుందో, ఎవరు ఎలా ఆపుతారో పూసగుచ్చినట్టు ఉంటుంది.

కౌరవులు విరాటరాజు ఆవుల్ని తోలుకుపోతున్నారు. ఎదురుగా ఒంటి రథం వస్తోంది. శంఖం మోత విని ద్రోణుడు గుర్తుపట్టాడు, వచ్చేది అర్జునుడని. శకునాలు బాగాలేవు, జాగ్రత్త అన్నాడు. సీనియర్ ఒకాయన ప్రాజెక్టులో రిస్క్ ఉందని చెప్పడం లాంటిదే ఇది. దుర్యోధనుడికి అది నచ్చలేదు. గురువుగారికి అర్జునుడంటే మొదట్నుంచీ ప్రేమ, శత్రువుని పొగిడి మనవాళ్లని బెదరగొడుతున్నాడు అని తేలిక చేసి మాట్లాడాడు. కర్ణుడు అందుకుని, అర్జునుడైతే ఏంటి, నేనొక్కణ్ణే చాలు అన్నాడు. కృపుడికి ఒళ్లు మండింది. ఒక్కడివే ఎప్పుడు ఏం గెలిచావు అని పాత లెక్కలు తీశాడు. ద్రోణుడి కొడుకు అశ్వత్థామ ఇంకా ముందుకెళ్లాడు. ఆవులు ఇంకా ఊరు చేరనేలేదు, అప్పుడే గొప్పలా అని కర్ణుణ్ణి దులిపాడు. జూదంలో గెలిచిన రాజ్యానికి ఇంత బడాయా అని దుర్యోధనుణ్ణీ వదల్లేదు. విరాటుడొస్తే పోరాడతా గానీ అర్జునుడి మీద మాత్రం బాణం వేయనని తేల్చేశాడు.

చూడండి, మొదట ఇది ఒక సమాచారం మీద వచ్చిన చిన్న తేడా. నాలుగు మాటలు తిరిగేసరికి తండ్రి పరువు, పాత గాయాలు, విధేయత అన్నీ రంగంలోకి దిగాయి. ఒకాయన పని మానేస్తానన్నాడు. అవతల అర్జునుడి రథం దగ్గరపడుతోంది.

అప్పుడు భీష్ముడు కల్పించుకున్నాడు. ఎవరిది తప్పు అని విచారణ పెట్టలేదాయన. ముందు ద్రోణుడు చెప్పినదాంట్లో సబబుంది అన్నాడు. కృపుడు, అశ్వత్థామ అన్నదీ నిజమే అన్నాడు. తర్వాత కర్ణుడి మాటకి ఒక అర్థం చెప్పాడు. అతను గురువుని కించపరచాలని అనలేదు, సైన్యానికి ఉత్సాహం రావాలని అన్నాడు అని. కర్ణుడు నిజంగా అందుకే అన్నాడా? అనుమానమే. కానీ ఆ అర్థం చెప్పడంతో కర్ణుడికి వెనక్కి తగ్గే దారి దొరికింది, అశ్వత్థామకి క్షమించే వీలు దొరికింది. తగవులో ఇరుక్కున్న మనిషికి అన్నిటికన్నా ముందు కావాల్సింది తలవంపులు లేకుండా బయటపడే సందు. ఆ సందు ఎవరికి వాళ్లు చేసుకోలేరు, పక్కవాడే చేసిపెట్టాలి.

ఆపైన భీష్ముడు మనలో మనం చీలిపోవడం సైన్యానికి పట్టే చెడుల్లోకెల్లా పెద్దది అని అందరికీ వర్తించే మాట చెప్పాడు. అశ్వత్థామ మెత్తబడ్డాడు. అసలు మాట తూలింది దుర్యోధనుడు కదా. పెద్దలు తోడు రాగా అతనే ద్రోణుణ్ణి మన్నించమని అడిగాడు. రాజు, పైగా మొండివాడు, అందరి ముందూ క్షమాపణ చెప్పాడు! ద్రోణుడు కూడా సాగదీయలేదు. భీష్ముడి మొదటి మాటకే నా మనసు కుదుటపడింది, ఇక చేయాల్సింది చూడండి అన్నాడు.

గొడవలో ఇంకో ముడి ఉంది. పాండవుల గడువు పూర్తయిందా, లేదా? అర్జునుడు ముందే బయటపడ్డాడా? ఇది కోపతాపాల సంగతి కాదు, లెక్క సంగతి. అందుకని భీష్ముడు దాన్ని లెక్కగానే తేల్చాడు. ప్రతి అయిదేళ్లకీ రెండు అధిక మాసాలు వస్తాయి, అవి కలిపితే పదమూడేళ్లు నిండిపోయాయి, పైన రోజులు కూడా గడిచాయి అని. మనసుల్ని సర్దేటప్పుడు లెక్కలు తీయలేదు, లెక్క చెప్పేటప్పుడు బుజ్జగింపులు కలపలేదు. తేదీలు, వేలిముద్రల హాజరు, ఎవరు ఏ ఫైలు ఎప్పుడు పంపారు లాంటివి రికార్డు తీస్తే తేలిపోతాయి. వాటిని పట్టుకుని ఇద్దరు మనుషులు నెలల తరబడి మాట్లాడుకోకపోవడం చూస్తుంటాం.

వచ్చినవాడు అర్జునుడు, గెలుపు ఖాయమని అనుకోవద్దు, సంధికీ యుద్ధానికీ రెండిటికీ సిద్ధంగా ఉండాలి అని కూడా భీష్ముడు చెబుతాడు. సంధి ప్రసక్తే వద్దన్నాడు దుర్యోధనుడు. సరే, అయితే పని పంచుకుందాం అని సైన్యాన్ని భాగాలు చేశాడు. ఒక పాలు రాజుతో ఊరికి, ఒక పాలు ఆవులతో, మిగతా సగం పెద్దలతో కలిసి అర్జునుడికి ఎదురు. గొడవపడ్డ వాళ్లందరికీ ఆ సగంలో తలా ఒక స్థానం.

ఆ రోజు కౌరవులు ఓడిపోయారు. సమ్మోహనాస్త్రానికి సొమ్మసిల్లి పడిపోతే ఉత్తరుడొచ్చి పై వస్త్రాలు కూడా ఊడబెరుక్కుపోయాడు. కాబట్టి గొడవ సర్దుకుంటే గెలిచేస్తాం అనే కథ కాదిది. వాళ్లు అర్జునుడి చేతిలో ఓడిపోయారు, తమలో తాము కొట్టుకుని కాదు.

రాయబారాల పర్వం

తర్వాతది ఉద్యోగపర్వం. పేరు చూసి నవ్వుకునే ఉంటారు. అక్కడ ఉద్యోగం అంటే ప్రయత్నం, సన్నాహం. యుద్ధ సన్నాహం ఒకవైపు, యుద్ధం ఆపే ప్రయత్నం ఇంకోవైపు. మన ఊళ్ల తిరునాళ్లలో రాత్రంతా ఆడే రాయబారం సీను, ఆ హార్మోనియం, ఆ రాగాలు తిరుపతి వెంకట కవుల నాటకానివి. ఆ నాటకానికి ఆరు వందల ఏళ్లకు పైగా ముందే ఈ కథని తెలుగులో నిలబెట్టినవాడు తిక్కన.

మొదట ద్రుపదుడి పురోహితుడు వెళ్లాడు. ఫలితం లేదు. తర్వాత ధృతరాష్ట్రుడు సంజయుణ్ణి పంపాడు. సంజయుడి రాయబారంలో మాటలు తియ్యగా ఉంటాయి. యుద్ధం చెడ్డది, బంధువుల్ని చంపుకోకూడదు, ధర్మరాజా నువ్వు శాంతపరుడివి అని. కానీ ఇచ్చేదేంటో చెప్పడు, ఎందుకంటే ధృతరాష్ట్రుడు ఇవ్వమని చెప్పిందేమీ లేదు. ఒక పక్షాన్నే సర్దుకుపొమ్మనడం ఇది. ఆఫీసుల్లో నెమ్మదస్తుడైన ఉద్యోగికి ఎక్కువగా ఎదురయ్యేది ఇలాంటి రాజీయే. నువ్వు అర్థం చేసుకోగలవు కదా, వాడి సంగతి తెలుసు కదా అంటారు. ధర్మరాజు జవాబు మర్యాదగానే ఉంటుంది, కానీ అడగాల్సింది వదిలిపెట్టడు. మా అయిదుగురికీ అయిదు ఊళ్లయినా ఇవ్వండి అంటాడు.

మూడోది కృష్ణుడి రాయబారం. బయలుదేరే ముందు ఆయన పాండవుల్లో ఒక్కొక్కరి మాటా విన్నాడు. ఎప్పుడూ గద ఎత్తే భీముడు ఆ రోజు సంధి అన్నాడు. ద్రౌపది మాత్రం తన జుట్టు చూపించి సభలో జరిగింది గుర్తుచేసింది. తిక్కన అక్కడ ఆమె కోపాన్ని ఏ మాత్రం తగ్గించలేదు. శాంతి కావాలంటే నష్టపోయిన మనిషి నోరు మూసుకోవాలనే పద్ధతి ఆయన దగ్గర కనిపించదు. కృష్ణుడు ఆమె మాట పూర్తిగా విన్నాకే బయలుదేరాడు.

హస్తినలో దుర్యోధనుడు విందు సిద్ధం చేశాడు. కృష్ణుడు తినలేదు. వచ్చిన పని అయ్యాక చూద్దాం అని చెప్పి విదురుడి ఇంట్లో భోంచేశాడు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే విచారణకి వచ్చినవాడు ఒక పక్షం బిర్యానీ తినకూడదు, అంతే. ఆ రాత్రి విదురుడు, వీళ్లు వినరు, ఎందుకొచ్చావయ్యా అన్నాడు. వినరని తెలిసినా ప్రయత్నం చేయకపోతే తప్పు నాదవుతుంది అన్నది కృష్ణుడి జవాబు.

కృష్ణుడు తటస్థుడు కాడు కదా అని మీకు అనుమానం రావచ్చు. నిజమే. అప్పటికే అర్జునుడి రథం తోలడానికి ఒప్పుకున్నాడు. తన సైన్యాన్ని మాత్రం దుర్యోధనుడికి ఇచ్చాడు. ఆయన ఎటువైపో అందరికీ తెలుసు, ఆయనా దాచలేదు. ఇవాళ కంపెనీలో తగవు తీర్చే హెచ్‌ఆర్ మనిషికి జీతమిచ్చేది కూడా కంపెనీయే. అది మనసులో పెట్టుకునే మాట్లాడాలి. చట్టం కూడా ఈ ఇబ్బందిని గుర్తించింది. 20 మంది, అంతకు మించి కార్మికులున్న పరిశ్రమలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. అందులో యాజమాన్యం తరఫు వాళ్లెంతమందో కార్మికుల తరఫు వాళ్లూ అంతమంది ఉండాలి. కోర్టు బయట మధ్యవర్తి దగ్గర తేల్చుకునే పద్ధతికి 2023లో పార్లమెంటు ఏకంగా ఒక చట్టమే చేసింది. రొయ్యల ప్లాంటులో చేరినా, పోర్టులో చేరినా, శ్రీసిటీలో ఫ్యాక్టరీలో చేరినా ఆ కమిటీ ఎక్కడుంది, ఎవరున్నారు అన్నది మొదటి నెలలోనే తెలుసుకోండి. గొడవ వచ్చాక వెతికితే కంగారులో దొరకదు.

పుల్లరి దగ్గర తెగిన మాట

ఇంత తెలిసిన మంత్రి ఉన్న కొలువులోనే ఒక తగవు నెత్తురుదాకా పోయింది. కొమ్మువారు పాడే కాటమరాజు కథ అదే. కథలో నెల్లూరు రాజు పేరు నల్లసిద్ధి.

కరవొచ్చి యాదవ నాయకుడు కాటమరాజు మందల్ని తోలుకుని నెల్లూరు సీమకి వచ్చాడు. కౌలు కుదిరింది. గడ్డి, నీళ్లు మందలవి. బదులుగా పుట్టిన కోడెదూడలు రాజువి. అదే పుల్లరి. కొన్నాళ్లు బాగానే నడిచింది. తర్వాత ఇక్కడా వానలు పోయాయి. గడ్డే లేనప్పుడు పుల్లరి ఏమిటి అన్నారు గొల్లలు. ఒప్పందం ఒప్పందమే అంది కొలువు. రాజు ప్రియురాలి చిలుక గొల్లల చేతిలో చచ్చిందనీ, ఆ కక్షతో ఆవుల్ని చంపించారనీ ఇంకో ముడి. చిలుక, ఆవులు, దూడలు... చూస్తే ప్రతిదానికీ ధర కట్టి సర్దుకోవచ్చు. రాయబారాలూ నడిచాయి. కానీ కౌలు రాసుకున్నప్పుడు కరవొస్తే ఏంటి అనే మాట ఎవరూ ఎత్తలేదు. మంచి రోజుల్లో రాసుకున్న కాగితంలో చెడ్డ రోజుల గురించి లేకపోతే, చెడ్డ రోజున ఎవరి న్యాయం వాళ్లకే కనిపిస్తుంది. ఆఫర్ లెటర్ చదివేటప్పుడు నోటీస్ పీరియడ్, బాండ్, ఓవర్‌టైమ్ గురించి అడగడానికి మొహమాటపడేవాళ్లు ఈ కథ వినాలి.

నెల్లూరు సైన్యాన్ని నడిపింది ఖడ్గ తిక్కన. మన తిక్కన తండ్రికి సోదరుడైన సిద్ధన కొడుకు. పాలేరు ఒడ్డున పంచలింగాల దగ్గర యుద్ధం. ఖడ్గ తిక్కన సైన్యం పోగొట్టుకుని ఇంటికి తిరిగొచ్చాడు. భార్య స్నానానికి నీళ్లు తోడి, మంచం అడ్డుపెట్టి పసుపుముద్ద ఉంచింది, ఆడవాళ్లకి పెట్టినట్టు. తల్లి విరిగిన పాలు వడ్డించింది. పశువులతో పాటు పాలు కూడా విరిగాయి అని దెప్పింది. అతను మళ్లీ వెళ్లాడు. ఈసారి తిరిగి రాలేదు.

ఈ కథని వీరగాథగానే పాడతారు. నాకు మాత్రం ఆ మంచం దగ్గరే మనసు ఆగిపోతుంది. ఓడిపోయి ప్రాణాలతో వచ్చిన సేనాని ఉన్న రోజే రాజీ మాటకి చివరి అవకాశం. రెండు వైపులా నష్టం కళ్ల ముందుంది, అలసట ఉంది. ఒక్క మనిషి, ఇక చాలు అని ఉంటే? ఎవరూ అనలేదు. పక్కనున్నవాళ్లు ఎగతాళి చేస్తే తగ్గాలనుకున్నవాడు కూడా తగ్గలేడు. భీష్ముడు కర్ణుడికి చేసిపెట్టిన సందు ఖడ్గ తిక్కనకి సొంత ఇంట్లోనే దొరకలేదు.

ముత్తుకూరు తర్వాత

1263లో ముత్తుకూరు దగ్గర పాండ్య రాజు జటావర్మ సుందరుడి సైన్యంతో పోరాడుతూ మనుమసిద్ధి చనిపోయాడు. ఇప్పుడు కృష్ణపట్నం పోర్టుకి, థర్మల్ ప్లాంటుకి డ్యూటీకి వెళ్లే బస్సులు తిరిగేది ఆ ముత్తుకూరు మీదుగానే. పాండ్యుడు నెల్లూరులో వీరాభిషేకం చేయించుకున్నాడు. రాజ్యం పాత బలానికి మళ్లీ రాలేదు.

తిక్కన పేరు మాత్రం శిష్యుల చేతిలో నిలిచింది. మారన మార్కండేయ పురాణాన్ని తెలుగు చేసి కాకతీయుల సేనాని నాగయ గన్నకి అంకితమిచ్చాడు. ఒకప్పుడు గురువు సాయం అడగడానికి వెళ్లిన ఓరుగల్లు కొలువే అది. కేతన దశకుమార చరిత్ర రాసి గురువు తిక్కనకే అంకితమిచ్చాడు, ఆ కావ్యంలో ఆయన గుణాల్ని పద్యాల మీద పద్యాలుగా చెప్పాడు. ఆంధ్ర భాషాభూషణం పేరుతో తెలుగుకి వ్యాకరణం రాసింది కూడా ఈ కేతనే. పోటీ పరీక్షల కోసం చదివేవాళ్లు ఈ మూడు పేర్లూ గుర్తుపెట్టుకోవచ్చు, బిట్లు వస్తుంటాయి. కేతనది మూడో పుస్తకం ఒకటుంది, దాని పేరు తక్కువగా వినిపిస్తుంది. విజ్ఞానేశ్వరీయం. సంస్కృతంలోని మితాక్షర ధర్మశాస్త్రానికి తెలుగు పద్యరూపం. అప్పు ఇచ్చినవాడు, తీసుకున్నవాడు, పంపకం అడిగే అన్నదమ్ములు, సాక్షి చెప్పే మనిషి, తీర్పు చెప్పే సభ, ఎవరెవరు ఎలా నడుచుకోవాలో తెలుగు తెలిసిన ఎవరైనా చదివి తెలుసుకునేలా తిక్కన శిష్యుడు రాసిపెట్టాడు.